వెండి పూత, కర్పూరం పొగ

రాయలసీమలో, ఎముకలోకి వేసే రాడ్డుకు వెండి పూత పూసిన మొదటి మనిషిని నేనే.

ఈ మాట చాలా చోట్ల చెప్పాను. ఒకచోట శాలువా కూడా కప్పారు. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి సరిచేసుకుంటాను. మొదటివాణ్ణి కాదు. మా షెడ్డులోనే నాకన్నా ముందు ఇద్దరు ఆ పని చేసి, విసుగు పుట్టి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. పని మీద ప్రేమతో ఉండిపోయానని మొన్నమొన్నటిదాకా చెప్పుకున్నాను. ఆ వయసులో నన్ను ఇంకెవరూ పిలవలేదన్నది అసలు సంగతి.

అంతకుముందు కడపలోనూ నాది పూత పనే. ఇత్తడి కుందులకు, పెళ్ళివాళ్ళ పళ్ళేలకు వెండి నీళ్ళు పట్టించేవాణ్ణి. ఆమ్లం తొట్ల పక్కన నిలబడి నిలబడి మోకాళ్ళూ ముక్కూ రెండూ అరిగిపోయాయి. అప్పుడు బనగానపల్లె నుంచి ఒకాయన వచ్చాడు. మామిడి తోటలున్న కుటుంబం. తోటలు తమ్ముడికి వదిలి వ్యాపారంలోకి దిగి, ఓర్వకల్లు గుట్టల పక్కన ఒక షెడ్డు వేశాడు. విరిగిన ఎముకలకు వేసే ప్లేట్లు, రాడ్లు అక్కడ తయారయ్యేవి.

"చెంబులకు పూసినోనివి, రాడ్లకు పూయలేవాప్పా?" అన్నాడు.

"అదెంత పని సార్" అన్నాను. అది ఎంత పనో నాకప్పుడు ఏమాత్రం తెలియదు.

చెంబు పూతకూ రాడ్డు పూతకూ పోలికే లేదు. రాడ్డును ఒక ఉక్కు పెట్టెలో వేలాడదీసి, తలుపు బిగించి, లోపలి గాలంతా లాగేస్తారు. ఆ శూన్యంలో వెండి దిమ్మ నుంచి కంటికి ఆనని రేణువులు లేచి రాడ్డు మీద పరుచుకుంటాయి. ఇదంతా ఎందుకంటే, ఒంట్లోకి పోయిన లోహం క్రిములకు ఖాళీ ఇల్లు లాంటిది. దానికి అంటుకుని, గొడ్లు నీళ్ళు తాగే తొట్టిలో పాకుడు పట్టినట్టు జిగురు కట్టేస్తాయి. ఆ పాకుడు కింద దాక్కున్నవాటిని మందు తాకలేదు. పైన వెండి ఉంటే, అంటుకోవడానికి వచ్చినవి అంటుకోకముందే చస్తాయి. పొర మందమైతే ఎముకకే చేటు, మరీ పలచనైతే సత్తువ తొందరగా అయిపోతుంది. అన్నిటికన్నా చెడ్డది పొర ఊడిపోవడం. ఊడిన పెచ్చు కింద క్రిములు హాయిగా కాపురం పెడతాయి. నేను నేర్పగలిగిన పాఠం ఇంతే. మిగతాది మీ పుస్తకాల్లో ఉంటుంది.

ఆ పెట్టెను నడిపేది నేనే అని చెప్పుకునేవాణ్ణి. నడిపేది భాయ్. కర్నూలు పాతబస్తీ మనిషి, నాకంటే వయసులో చిన్న, మాటలో పెద్ద. పూత సరిగా పడిందో లేదో, దాని మీద క్రిములు బతుకుతున్నాయో చస్తున్నాయో పరీక్షించేది కడప నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఆమె గాజు పళ్ళేలలో క్రిములను పెంచేది. ఆ గదిలోకి పోవాలంటే నాకు భయం. చెప్పులు విప్పడానికి బద్ధకమని బుకాయించేవాణ్ణి.

ఇక ఆ వెండి రాడ్డు వేయించుకున్నామె సంగతి. ఆదోని వైపు పల్లెలో పత్తి చేల కూలికి పోయే మనిషి. కూలోళ్ళను తీసుకుపోయే ట్రాక్టరు బోల్తా పడి, మోకాలి కింద ఎముక విరిగింది. రాడ్డు వేశారు. చీము పట్టింది. తీసి, కడిగి, మళ్ళీ వేశారు. మళ్ళీ పట్టింది. ఇంకోసారి పడితే మోకాలి కింద తీసేయడం తప్ప దారి లేదని కర్నూలులో డాక్టరు చెప్పేశాడు. మా వెండి రాడ్డు అప్పటికి ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఆసుపత్రి కమిటీ అనుమతి ఇచ్చింది, ఆమె ఒప్పుకుంది. ఆమె బాగా పొడుగు మనిషి కావడంతో మా దగ్గరున్న కొలతలేవీ సరిపోలేదు. ఆమె కోసమే ఒక రాడ్డు ప్రత్యేకంగా తీయించాం. ఒకే ఒక్కటి.

కొలత సరిచూసుకోవడానికి నేను ఆసుపత్రికి పోయాను. మంచం పక్కన నేల మీద ఆమె అత్త కూర్చుని ఉంది.

"వెండి కమ్మి అంటాండారు. అంతా వెండేనాప్పా?"

"పైన పూత మాత్రమేమ్మా."

"పూతయినా వెండే కదా. ఊర్లో తెలిస్తే నిద్రలో కాలు కోసకపోతారేమో."

మంచం మీది నుంచి కోడలు నవ్వింది. "కోసకపోనీలేత్తా. ఈ డాక్టర్లకంటే దొంగలే నయం. ఒక్కసారే కోస్తారు."

తర్వాత నా వైపు తిరిగి, నవ్వు మానేసి అడిగింది. "ఏమప్పా, ఇది పెడితే మళ్ళా కోయరు కదా?"

నేను ఛాతీ విరుచుకున్నాను. "నేను పూసిన పూతమ్మా. నీ మనవరాలి పెళ్ళిదాకా చెక్కుచెదరదు."

అలాంటి పూత లోకంలో ఎక్కడా లేదు. దాని సత్తువ కొన్ని నెలలు. ఎముక కుదురుకునేదాకా కాపలా కాస్తే దాని పని అయిపోయినట్టే. నాకు ఆ సంగతి తెలుసు. కానీ ఆమె అలా చూస్తుంటే 'కొన్ని నెలలు' అనే మాట నోట్లోంచి రాలేదు. పెద్ద మాట సులువుగా వచ్చేసింది. నా జబ్బే అది.

దసరా వచ్చింది. మా షెడ్డులో ఆయుధపూజ ఎప్పుడూ ఘనంగానే జరిగేది. మిషన్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చామంతి దండలు వేసేవాళ్ళం. గుమ్మడికాయ కొట్టేది మాత్రం ఏటా భాయే. మాలో ఇంకెవరికీ ఒక్క దెబ్బకు పగలగొట్టే బలం లేదు. ఆ ఏడు పొడుగు రాడ్లు పట్టే కొత్త పెట్టె వచ్చిందని యజమాని వాళ్ళమ్మను బనగానపల్లె నుంచి పిలిపించాడు. ఆమె కర్పూరం పళ్ళెం పట్టుకుని, మూసి ఉన్న పెట్టె తలుపు ముందు నిలబడింది.

"ఇదేందప్పా, వాకిలి మూసినారు? గుడి తలుపు మూసి హారతిస్తారా యాడన్నా? తెరువు."

నేను గట్టిగా అడ్డుపడ్డాను. 'అవ్వా, అది శుభ్రంగా ఉండాల్సిన చోటు, పొగ తగలకూడదు' అన్నాను.

అనలేదు. భాయ్ తలుపు తెరిచాడు. అమ్మాయి ఫోనులో ఫోటో తీసింది. నేను, 'పళ్ళెం ఇంకొంచెం లోపలికి పెట్టవ్వా, ఫోటోలో మంట పడాల' అన్నాను. అందరం దండం పెట్టుకున్నాం. రోజూ తలకు టోపీ, ముక్కుకు గుడ్డ లేకుండా ఆ పెట్టె దగ్గరికి ఎవరినీ రానివ్వని మాలో, ఆ పూట ఒక్కరికీ అనుమానం రాలేదు. కర్పూరం ఏమీ మిగల్చకుండా కరిగిపోతుందని కదా మనకు చిన్నప్పటి నుంచీ చెప్పింది. పండుగ అయ్యాక రోజూ తుడిచినట్టే స్పిరిటు గుడ్డతో తుడిచి, ఆదోని ఆమె రాడ్డును లోపల వేలాడదీశాం.

రాడ్డు బయటికి వచ్చినప్పుడు అద్దంలా ఉంది. మరుసటి రోజు ఆపరేషను. మధ్యాహ్నానికల్లా కర్నూలు చేరితే, అక్కడ ఆవిరి పట్టించి, క్రిములు లేకుండా సిద్ధం చేసుకుంటారు. గేటు దగ్గర కారు నిలబడి ఉంది. మిగిలింది ఒక్క పరీక్ష. రాడ్డుతో పాటు అదే పెట్టెలో అదే లోహంతో చేసిన చిన్న ముక్క ఒకటి పెడతారు. బిళ్ళ అంటాం. దాని మీద బ్లేడుతో గళ్ళు గీసి, టేపు అంటించి, లాగి చూస్తారు. టేపుకు వెండి అంటితే పూత పట్టలేదన్నమాట. ఆ బిళ్ళను ఎప్పుడూ తలుపు దగ్గరే పెట్టేవాళ్ళం. అక్కడైతే చెయ్యి సులువుగా అందుతుందని.

అమ్మాయి టేపు లాగింది. దాన్ని వెలుతురుకు పట్టి అలాగే నిలబడింది.

"సార్, అంచున లేచింది."

యజమాని వంగి చూశాడు. "యాడ? నాకేం కనపళ్ళేదే."

"ఈడ సార్. తలుపు వైపు."

భాయ్ పోయి, పెట్టె తలుపు చుట్టూ ఉన్న రబ్బరు సందులో వేలు పెట్టి రాశాడు. వేలు నల్లగా వచ్చింది. వాసన చూసి నా ముందు పెట్టాడు. "సాబ్, అవ్వగారి హారతి."

"కర్పూరం ఏం మిగల్చదనే కదప్పా దేవునికిచ్చేది!" అన్నాడు యజమాని.

"దేవునికేం మిగల్చలేదు సార్. మనకే ఇంత మసి మిగిల్చింది" అన్నాడు భాయ్.

యజమాని చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. "బిళ్ళ తలుపు కాడ ఉండాది. రాడ్డు నట్టనడుమ ఉండాది. పొగ ఆడికి పోయింటాదంటావా?"

"పోయిండొచ్చు, పోకపోయిండొచ్చు సార్" అంది అమ్మాయి. "రాడ్డునే చూస్తే గానీ తెల్దు."

"అయితే చూడు."

"చూస్తే అది ఇంక పనికిరాదు సార్."

మా పనిలోని తిరకాసంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. రాడ్డు మీద బ్లేడు గీత పడితే, మనిషి నడిచి నడిచి, ఆ గీత దగ్గరే అది విరుగుతుంది. మళ్ళీ పూత పూసినా గీత పోదు. మంచిదో కాదో తెలియాలంటే పాడు చేయాలి, వాడుకోవాలంటే తెలియకుండానే వాడుకోవాలి. చూడకుండా పంపితే, ఊడే పూత ఆమె కాలిలోకి పోవచ్చు. పోతే కాలు పోతుంది. చూసి పాడు చేస్తే, ఇంకో రాడ్డు తయారయ్యేదాకా గాయం తెరుచుకునే ఉంటుంది. ఈలోగా విషం పైకి ఎక్కితే అప్పుడూ కాలే పోతుంది.

నేను శిక్షణకు వచ్చిన పిల్లలకు ఇక్కడి నుంచి చెప్పే కథ ఇలా ఉంటుంది. "అందరూ తలలు పట్టుకున్నారు. నేను ముందుకు వచ్చాను. బ్లేడు అందుకుని, 'మనిషి కాలుతో జూదమాడను' అని రాడ్డు మీద సర్రున గీత గీశాను. టేపు లాగితే పాము కుబుసంలా వెండి మొత్తం లేచి వచ్చింది. ఆ రోజు నేను గీయకపోయి ఉంటే!"

చప్పట్లు పడతాయి. ఇందులో నిజమేమిటంటే, పాములకు కుబుసం ఉంటుంది.

అసలు జరిగింది ఇది. నేను నీళ్ళు తాగివస్తానని బయటికి పోయాను. గుట్టల మీద ఎండ తెల్లగా మండుతోంది. కారు డ్రైవరు, "పోదామా సార్?" అన్నాడు. "ఉండప్పా" అన్నాను. ఆ రోజు నేను సొంతంగా తీసుకున్న నిర్ణయం ఆ ఒక్క మాటే. తొట్టి దగ్గర ముఖం కడుక్కుని, ఇంకోసారి కడుక్కుని, ఇక కడగడానికి ఏమీ లేక లోపలికి వచ్చాను.

అప్పటికే అమ్మాయి డాక్టరుకు ఫోను చేసింది. అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది. డాక్టరు గొంతు మా అందరి గొంతులకన్నా అలసిపోయి ఉంది.

"పూత సంగతి మీకు తెలియాలమ్మా, నాకేం తెలుస్తుంది? వాయిదా వేస్తే మందు కలిపిన సిమెంటు పూసలు గాయంలో పెట్టి కొన్ని వారాలు నెట్టుకొస్తా. జ్వరం తిరగబెడితే మాత్రం నా చేతిలో లేదు. నేను వార్డులోనే ఉన్నా. కాలు ఆమెది, ఆమెనే అడుగుదాం."

కొంతసేపు గలగల. తర్వాత ఆమె గొంతు.

"ఆ పెద్దాయన ఉండాడా? మనవరాలి పెళ్ళిదాకా ఉంటాదన్న ఆయప్ప?"

ముగ్గురూ నా వైపు చూశారు.

"ఉండానమ్మా."

"అది ఊడుతాదాప్పా?"

నా బతుకులో ఏ ప్రశ్నకైనా పొడుగు జవాబు ఉండేది. ఆ రోజు రాలేదు. "తెల్దమ్మా."

"తెలుసుకోనీకె అవుతాదా?"

"అవుతాది. కానీ చూస్తే అది పాడైపోతాది. ఇంకోటి చేసేదాకా నువ్వు అట్లే పండుకోవాల."

ఫోనులో వార్డు ఫ్యాను చప్పుడు వినపడుతూ ఉంది.

"మంచిదో చెడ్డదో తెలీనిదాన్ని లోపల పెట్టుకోని దినామూ భయపడేదానికంటే, ఈ మంచం మీదనే ఇంకొన్నాళ్ళు పడుంటా. చూడండప్పా."

ఫోను కట్టయింది. యజమాని కుర్చీలో కూలబడి, తల ఊపాడు. భాయ్ రాడ్డును రెండు చేతులతో బల్లకు అదిమి పట్టుకున్నాడు. అమ్మాయి గళ్ళు గీసింది. బ్లేడు కిర్రుమంటుంటే భాయ్ కళ్ళు మూసుకున్నాడు. టేపు అంటించింది. లాగబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీరు లాగండి సార్" అంది. కడపలో చెంబుల మీద ఎన్ని టేపులు లాగానో, నా చెయ్యి వణకలేదు. ఈమాత్రం పొగిడించుకోవడానికి నాకు హక్కుందనుకుంటాను.

లాగాను. వెలుతురుకు పట్టాను. ఆ చివరా చూశాం, ఈ చివరా చూశాం, నడుమ కూడా అంటించి చూశాం.

టేపు నీళ్ళలా తేటగా ఉంది. ఒక్క రేణువు లేవలేదు. పొగ అంత దూరం పోలేదు. రాడ్డు మంచిది. బంగారం లాంటి రాడ్డు. దాని మీద మేం గీసిన గళ్ళు ఎండకు మెరుస్తున్నాయి.

యజమాని లేచి బయటికి పోయి, కారు వెనక్కి పంపించేశాడు. అమ్మాయి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. భాయ్ మాత్రం ఆ రాడ్డును గుడ్డతో తుడవసాగాడు, ఇంకా ఎక్కడికో పంపాల్సింది ఉన్నట్టు.

పెట్టెను విప్పి, కడిగి, వేడి చేసి, మళ్ళీ కడిగాం. కొత్త రాడ్డు తీయించడానికి వారాలు పట్టింది. బిళ్ళను తలుపు దగ్గర నుంచి తీసి రాడ్డు పక్కనే కట్టడం అప్పుడు మొదలుపెట్టాం. ముందే కట్టి ఉంటే ఈ కథే లేదు. చెయ్యి అందదనే బద్ధకం, అంతే. ఈలోగా ఆమెకు జ్వరం తిరగబెట్టింది. డాక్టరు ఇంకొంచెం ఎముక గీకాడు. అమ్మాయి రోజూ ఫోను చేసి కనుక్కునేది. కనుక్కుని నాకు చెప్పకుండా పోయేది. ఆ ముఖం చూస్తేనే నాకు తెలిసిపోయేది. అలసట ఒంటికి వస్తుందని మీరు అనుకుంటారు. అది ఒంటికి రాదు నాయనా. మంచి వస్తువును మంచిదని తెలుసుకోవడానికే పాడు చేశామన్న దగ్గర అలసట వస్తుంది. ఆ తర్వాత నేను ఎంత పడుకున్నా అది తీరలేదు.

రెండో వెండి రాడ్డు వేశారు. చీము పట్టలేదు. ఎముక అతుక్కుంది. కాలు నిలిచింది, కొంచెం పొట్టిగా.

మరుసటి ఏడు దసరాకు, నేను పని మానేసే ముందు, ఆమె మా షెడ్డుకు వచ్చింది. చేతికర్ర లేదు. భుజాన ఒక సంచి శనక్కాయలు. లోపల పూజ అవుతోంది. ఈసారి పెట్టె తలుపు బిగించి ఉంది. "మళ్ళా మూసినారేందప్పా?" అని అవ్వ అడిగితే, "లోపల దేవుడు పండుకున్నాడవ్వా" అని భాయ్ సర్దిచెప్పాడు.

ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"మొదటి వెండి కమ్మి బాగలేకనే కదప్పా నాకు అన్నాళ్ళు పట్టింది?"

కుబుసం కథ నాలుక చివర దాకా వచ్చింది. అప్పటికే దాన్ని చాలా మందికి చెప్పి ఉన్నాను. ఆమెకు చెబితే తృప్తిగా ఇంటికి పోయేది. కానీ ఆమె కాలి మీది కోత గుర్తులు చీర అంచు కింద కనబడుతున్నాయి.

"లేదమ్మా. అది శానా బాగుండె. చూసి పాడు చేసినాం."

ఆమె గుట్టల వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మరి ఇప్పుడు లోపలుండేదాన్ని చూసినారా?"

"పక్కన కట్టిన బిళ్ళను చూసినాం. నీ కాల్లో ఉండేదాన్ని చూస్తే, పెట్టేదానికి ఉండదు కదమ్మా."

"అంటే ఇదీ ఎవురూ చూడందేనా?"

"ఎవురూ చూడందే."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. "ఏం పనప్పా మీది! దీనికోసమా నేనన్నాళ్ళు పండుకునింది?" కళ్ళు తుడుచుకుంది. "పోనీలే. మీరు చూడకపోతే ఏమాయె, నేను దినామూ చూస్తానే ఉండా. చేనికి పోతాండా, వస్తాండా."

శనక్కాయల సంచి నా చేతిలో పెట్టి రోడ్డు వైపు నడిచింది. కుడి పక్కకు కొద్దిగా ఒరిగి నడుస్తుంది. ఆదోనికి పోవాలంటే ముందు కర్నూలు బస్సు ఎక్కాలి. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. బస్సు ఆగింది. దాని మొదటి మెట్టు ఎంత ఎత్తుంటుందో మీకు తెలుసు. ఏ కాలు ముందు పెడుతుందా అని, ఆ రోజు టేపు లాగినప్పటిలాగే ఊపిరి బిగబట్టాను. కండక్టరు "రామ్మా, బిన్న ఎక్కు, టైమైతాంది" అని కేకేశాడు. ఆమె కమ్మీ పట్టుకుని, మా వెండి ఉన్న కాలినే మెట్టు మీద మోపి, ఒక్క ఊపున పైకి లేచింది.

అలా అని అందరికీ చెబుతాను. సరిగ్గా అప్పుడే ఒక ఆటో అడ్డం వచ్చింది. అది పక్కకు తప్పుకునేసరికి ఆమె బస్సులో ఉంది.